రెండో గొంతు

నిన్న సాయంత్రం బందరు రోడ్డు మీద ఒక బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. పొట్లం చేతిలోకి తీసుకోగానే వేళ్లకి గరుగ్గా తగిలింది. చూస్తే దళసరి కాగితం, దాని నిండా ఉబ్బెత్తు చుక్కలు. బ్రెయిలీ.

"ఎక్కడిదయ్యా ఈ కాగితం?" అన్నాను.

"పాత కాగితాల కొట్లో తూకానికి తెచ్చానండీ. మందంగా ఉంటది, నూనె దిగదు."

"ఎవరిదో ఏమో!"

"దాంట్లో అక్షరం ముక్క లేదు కదండీ? తెల్ల కాగితమేగా!"

ఆ చుక్కలు చదవడం నాకు రాదు. ఏ పాత పత్రికలో పేజీయో, పిల్లల పాఠమో అయ్యుంటుంది. కానీ నాకొచ్చిన మొదటి ఆలోచన, ఇది ఎవరి బ్యాంకు కాగితం అని. రెండోది, ఇది వాళ్లింట్లోంచి బయటికెలా వచ్చింది, ఎవరు అమ్ముకున్నారు అని. బండాయన వంక అదోలా చూసి ఉంటాను. "ఏమ్మా, బజ్జీలు బాలేవా?" అన్నాడు, నేనింకా పొట్లం విప్పకుండానే.

ఈ అనుమానం నాది కాదు. నాకు అంటించి వెళ్లిన మనిషి పోయిన వేసవిలో పోయారు.

కాలవ గట్టు మీదున్న మా ఆఫీసులో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు. అందరికీ ఆపరేటర్ గారే. మెట్ల కింద చిన్న గదిలో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చునేవారు. చూపు లేదు. చిన్నతనంలో తట్టు పోసి పోయిందని విని, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలివితక్కువగా ఆ సంగతి ఆయన్నే అడిగాను. "అలా అని నీకెవరు చెప్పారు?" అన్నారు. చెప్పాను. "వాళ్లకెవరు చెప్పారట?" అన్నారు. అంతటితో సరి. అవునని గానీ కాదని గానీ ఈనాటికీ నాకు తెలియదు.

ఉద్యోగమంతా ఆయన చెవిలో పడిందల్లా అబద్ధాలే. పెద్దసారు గదిలో కాఫీ తాగుతూ "ఎవరడిగినా లేనని చెప్పవయ్యా" అనేవారు. కాంట్రాక్టరు గన్నవరంలో ఉండి "హైదరాబాదులో ఉన్నానండీ" అనేవాడు. ఇంటికి ఫోన్ చేసి "మీటింగులో ఉన్నాను" అనేవాళ్లు సరేసరి. ఇవన్నీ కలిపేదీ విడదీసేదీ ఆయన చేతులే. ఆయన మాత్రం నోటితో అబద్ధం ఆడేవారు కాదు. ఫోన్ చేసినవాళ్లతో ఎంతో మర్యాదగా, "సారు లేరని చెప్పమన్నారండీ" అనేవారు. దీనికోసం ఆయనకి ఒకసారి మెమో కూడా ఇచ్చారు. దాన్ని నాతో చదివించుకుని, తర్వాత గుమాస్తాని పిలిచి మళ్లీ చదివించుకున్నారు.

"నేను చదివాను కదండీ?" అన్నాను, కొంచెం నొచ్చుకుని.

"చదివావమ్మాయ్. అది మొదటి గొంతు. రెండో గొంతు కూడా అదే చెబితే అప్పుడు కాగితంలో ఉందని అర్థం."

రెండో గొంతు. ఆ మాట ఆయన దగ్గర రోజూ వినాల్సిందే. చేతికి, అద్దం ఎత్తి ముళ్లు తడుముకునే గడియారం ఉండేది. అయినా దారిన పోయేవాళ్లని "టైమెంతయిందండీ?" అని అడిగేవారు. గడియారం ఉందిగా అంటే, "అది నిజమే చెబుతుంది. వీళ్లేం చెబుతారో చూద్దామని" అనేవారు. ఆటో ఎక్కితే మలుపులన్నీ ఒంటికి తెలిసేవి. "ఎడమకి తిప్పావేం?" "రోడ్డు తవ్వేశారు సార్." "ఎవరు తవ్వారు? ఎందుకు?" పాపం ఆటో అబ్బాయికి ఏం తెలుసు!

చేపల బజారులో మాత్రం ఆయనకి ఎవరి గొంతూ అక్కర్లేదు. నాగాయలంక దిగువన సముద్రపు ఒడ్డు ఊరు వాళ్లది. అన్నదమ్ములంతా చేపల వ్యాపారం. ఆయన చేప మొప్ప ఎత్తి లోపల వేలు పెట్టి, ఆ వేలు వాసన చూసుకుని "నిన్నటిది" అనేవారు.

"పొద్దున పడిందేనండీ, మీ మీదొట్టు!"

"ఒట్టు కూడా వేశావా? అయితే మొన్నటిది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మే ఆవిడ మాత్రం నవ్వేది కాదు. ఆయన అనుమానాలు వినడానికి సరదాగా ఉంటాయి గానీ, అవి మన మీదికి వచ్చినప్పుడు సరదాగా ఉండవు. మా ఆఫీసులో ఒక అటెండరు రోజూ సాయంత్రం ఆయన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాడు. "నువ్వు ఇదంతా ఎందుకు చేస్తున్నావో నాకింకా తెలియలేదయ్యా" అన్నారట ఒకరోజు. ఆ మర్నాటి నుంచి అతను రాలేదు. "చూశావా, ఏదో ఉంది" అన్నారు నాతో. ఏమీ లేదు. అతనికి కష్టం కలిగింది, అంతే. ఆ మాట చెప్పాను. "నువ్వెందుకు అతన్ని వెనకేసుకొస్తున్నావు?" అన్నారు.

ఇలాంటి మనిషితో ఆవిడ ఎలా కాపురం చేస్తున్నారా అనుకునేదాన్ని. వాళ్లావిడని నేను పిన్నిగారు అనేదాన్ని. ఆవిడది చల్లపల్లి. ఇంటర్ దాకా చదివారు, పెళ్లి ఆవిడే కోరి చేసుకున్నారు. పిల్లలు లేరు. మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్ల ఇల్లు. ఆయన రిటైరయ్యాక నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. నేను వెళ్లేసరికి వరండాలో పేపరు పారాయణం నడుస్తూ ఉండేది.

ఆవిడది కొంచెం బొంగురు గొంతు. మొదటి పేజీ నుంచి పెళ్లి సంబంధాల ప్రకటనల దాకా ఏదీ వదిలేవారు కాదు. "మైలవరం వైపు మామిడికి రేటు లేదట." "ఎవరన్నారు?" "రైతులు అన్నారట." "ఏ రైతు? పేరు రాశాడా?" "రాయలేదండీ." "అయితే కానీ." ఆ "కానీ" అంటే తర్వాతది చదవమని. కాఫీ చల్లారేది, ఎండ మెట్ల మీదకొచ్చేది, ఆవిడ చదువుతూనే ఉండేవారు. కూచిపూడిలో ఎవరిదో నాట్యం బొమ్మ వేస్తే ఆ బొమ్మని కూడా చదివేవారు. చెయ్యి ఇలా పెట్టింది, కాలు అలా పెట్టింది అని ఆయన చెయ్యి పట్టుకుని పెట్టి చూపించేవారు. ఆవిడ వేళ్ల మధ్య ఆయన వేళ్లు అలా ఉండగానే, "నిజంగా అలాగే ఉందా?" అనేవారాయన.

ఇంటికొచ్చే ఉత్తరాలు, కరెంటు బిల్లు, మందుల అట్టలు, అన్నీ ఆవిడే చదవాలి. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆయనొక్కరే ఉన్నారు. పిన్నిగారు కూరలకి వెళ్లారట. నేను కూర్చోకముందే దిండు కింద నుంచి మడత పెట్టిన కాగితాలు తీసి నా వైపు చాచారు.

"ఇది చదువమ్మాయ్. పైనుంచి కింద దాకా. ఏదీ వదలకు."

బ్యాంకు స్టేట్‌మెంటు.

"పిన్నిగారు చదివే ఉంటారు కదండీ?"

"చదివింది. అందుకే నిన్ను అడుగుతున్నాను."

నాకు అక్కడ కూర్చోవడం ఇబ్బందిగా అనిపించింది. కానీ చదవడం మొదలుపెట్టాక నేనూ మారిపోయాను. ఒక్కో వరసా చదువుతుంటే ఆయన మొహం వైపు చూస్తున్నాను, ఎక్కడైనా కనుబొమ్మ ముడి పడుతుందేమోనని. ఆ తల్లి ఏదో దాచి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ పావుగంటసేపు మాత్రం దొరుకుతుందేమోనని వెతికాను. ఆయన పక్కన కూర్చుంటే అలాగే అయ్యేది.

మధ్యలో చిన్న చిన్న కోతల దగ్గర ఆయన "కానీ, కానీ" అంటుంటే చివరి అంకె దాకా చదివాను. ఆయన పెదాలు కదిలాయి, మనసులో పోల్చుకుంటున్నారు. తర్వాత తృప్తిగా తొడ మీద చెయ్యి వేసుకుని అన్నారు.

"సరిపోయింది."

"సరిపోయిందా అండీ?"

ఆ అడిగింది నేను కాదు. గుమ్మంలో కూరల సంచీతో పిన్నిగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఆయన చెవికి కూడా తెలియలేదు. నేను కాగితాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన కొంచెం తడబడ్డారు గానీ, తగ్గలేదు. "నీ మీద నమ్మకం లేక కాదు. చూసుకోవాలి కదా మరి. నాకు నేనుగా చూసుకోలేను కాబట్టి..."

"ఎన్నాళ్ల నుంచి చూసుకుంటున్నారు?"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. నాకు అప్పుడు వెలిగింది, రెండో గొంతు నేనొక్కదాన్నే కాదు. నాకు ముందు కూడా ఎవరో ఉన్నారు.

పిన్నిగారు సంచీ లోపల పెట్టి వచ్చారు. ఏడవలేదు, కేకలు వేయలేదు. నాకు మంచినీళ్లు ఇచ్చారు. ఆయనకీ ఇచ్చారు. "ఇక మీదట ఈ ఇంట్లో ఏ కాగితమూ నేను చదవను" అన్నారు. మామూలుగా, బియ్యం అయిపోయాయి అన్నట్టు.

ఉక్రోషంలో అన్నారు, రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. వంట చేసేవారు, వడ్డించేవారు, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారు. మాట్లాడేవారు కూడా. కానీ అచ్చులో ఉన్నదేదైనా సరే, నోరు మెదిపేవారు కాదు. పేపరు రోజూ వచ్చి వరండాలో మడత విప్పకుండా పడి ఉండేది. పెళ్లి శుభలేఖ వస్తే ఎవరిదో ఆయనకి తెలిసేది కాదు. పసుపు వాసన చూసి, "ఎవరిదే ఇది?" అనేవారు. "ఎవరినైనా అడగండి" అనేవారావిడ.

నేను వెళ్లినప్పుడు పేపరు తీసి చదవబోయాను. ఆయన ఓ నిమిషం విని, "వద్దులేమ్మా" అన్నారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. "బ్యాంకుకి వెళ్దాం రా. ఆ కాగితం నేనే చదువుకుంటాను. బ్రెయిలీలో ఇమ్మని అడుగుతాను."

"వాళ్లిస్తారా అండీ?"

"అడిగితే కదా తెలిసేది! అది నా చేతిలోకి వస్తే, ఇక ఆవిడ చదివిందా లేదా, సరిగ్గా చదివిందా లేదా అన్న పేచీయే ఉండదు. ఈ ఇంట్లో ఎవర్నీ..." ఆ మాట పూర్తి చేయలేదు.

మేనేజరు కుర్రవాడు, మంచివాడు. కుర్చీ తనే లాగి వేశాడు. "సార్, ఇప్పుడు యాప్ ఉంది కదండీ. ఫోన్ చదివి వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కవాళ్లకి కూడా వినపడదు" అన్నాడు.

"బాబూ, ఉద్యోగమంతా గొంతులే విన్నాను. గొంతు ఏదైనా చెబుతుంది, చెప్పి వెళ్లిపోతుంది. మళ్లీ పట్టుకుందామంటే దొరకదు. నాకు నిలిచి ఉండేది కావాలి. వేలు పెట్టి ఆపుకోవాలి, వెనక్కి వెళ్లాలి, మళ్లీ చూసుకోవాలి."

"ఇంట్లో మేడం గారు ఉన్నారు కదండీ? ఆవిడ చదివి పెడితే..."

ఆయన మొహం గట్టిపడింది. "మీ స్టేట్‌మెంటు మీకు ఎవరు చదివి పెడతారండీ?"

ఆ కుర్రవాడు ఇబ్బందిగా నవ్వి, "అప్లికేషన్ రాసివ్వండి సార్, పైకి పంపిస్తాను" అన్నాడు. నేను పెన్ను తీశాను. "నువ్వొద్దు" అన్నారు ఆపరేటర్ గారు.

ఇంటికెళ్లి ఆయన బ్రెయిలీ రాసే పలకలో దళసరి కాగితం బిగించి, సూదితో కుడి నుంచి ఎడమకి పొడుచుకుంటూ రాశారు. ఆ టకటక శబ్దం విని పిన్నిగారు వంటింట్లోంచి ఒకసారి తొంగిచూశారు. కవరు మీద అడ్రసు మాత్రం నాతో రాయించారు.

వారం తర్వాత మేనేజరు ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను, స్పీకరు పెట్టారు.

"సార్, మీరు పంపిన కవరు అందిందండీ. కానీ లోపల కాగితం ఖాళీగా ఉంది."

"ఖాళీ కాదండీ. అప్లికేషనే."

"అంటే... మాకు చదవడం రాదు కదండీ సార్."

"ఎవరినైనా తీసుకొచ్చి చదివించుకోండి" అన్నారు. ఇంకా మర్యాదగా, "వాళ్లు సరిగ్గానే చదివారో లేదో, ఇంకొకళ్లని కూడా పిలిచి చూసుకోండి" అన్నారు.

అవతల కాగితం తిరగేసిన చప్పుడు వినిపించింది. "సార్, నాకు అర్థమైందండీ" అన్నాడు ఆ అబ్బాయి. గొంతులో నవ్వు లేదు. ఫోన్ పెట్టేశాక ఆపరేటర్ గారు, "నిజంగానే అర్థమైనట్టుంది" అన్నారు. ఆయన నోట ఒక కొత్త మనిషి గురించి అలాంటి మాట నేను విన్నది అదే మొదటిసారి. వెంటనే, "చూద్దాం" అని కూడా అన్నారనుకోండి.

నెలలు పట్టింది. ఎక్కడో ఈ చుక్కలు అచ్చుకొట్టే యంత్రం ఉన్న చోటికి పంపించాలట, దానికి పైవాళ్ల అనుమతి కావాలట. మధ్యలో ఆ మేనేజరు రెండు మూడుసార్లు ఫోన్ చేసి ఎంతదాకా వచ్చిందో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఈయన, "ఇంతగా ఎందుకు చెబుతున్నాడంటావ్?" అని నన్ను అడిగేవారు.

ఒకరోజు పుస్తకమంత లావు కవరు వచ్చింది. పిన్నిగారు సంతకం పెట్టి తీసుకుని బల్ల మీద పెట్టారు. నాకు కబురొస్తే పరుగున వెళ్లాను.

ఆయన కవరు అంటించిన చోట గోటితో తడిమారు. ఎవరూ ముందే విప్పి మళ్లీ అంటించలేదని నిర్ధారణ చేసుకున్నారు. విప్పి వాసన చూశారు. "దీన్ని అచ్చుకొట్టినవాడు నా సంగతులన్నీ చూసే ఉంటాడు కదా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ కాగితం కోసమే ఇంత చేసి, చేతికొచ్చాక దాన్నీ అనుమానించడం!

తర్వాత చదవడం మొదలుపెట్టారు. రెండు చేతుల చూపుడు వేళ్లూ పక్కపక్కన నడిచాయి. ఇంత నెమ్మదిగా ఏ పనీ చేయగా ఆయన్ని నేను చూడలేదు. పిన్నిగారు వంటింటి గుమ్మం దగ్గర చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చున్నారు. రెండో పేజీలో ఆయన వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఇదేంటి? మెసేజీలు పంపినందుకు చార్జీలట. నా ఫోనుకి. నేను చూడలేని మెసేజీలకి నా దగ్గరే డబ్బు పట్టుకున్నారా?" గొంతు పెరిగింది. "ఇది ఎప్పుడూ లేదే! ఇప్పుడే మొదలెట్టినట్టున్నారు."

"ఎప్పుడూ ఉంది" అన్నారు పిన్నిగారు, చిక్కుడుకాయ మీద నుంచి తలెత్తకుండానే.

ఆయన అటు తిరిగారు.

"వచ్చిన ప్రతిసారీ చదివాను. మీరు ఆఖరి అంకె కోసం తొందరపడుతూ, 'కానీ, కానీ' అనేవారు. వినలేదు."

"అమ్మాయ్?" అన్నారు నా వైపు తిరిగి.

"నేనూ చదివానండీ ఆ రోజు. నాతోనూ 'కానీ' అన్నారు."

ఆయన వేలు ఆ చుక్కల మీదే ఉండిపోయింది. ఊళ్లో వాళ్ల గొంతులన్నిట్లోనూ అబద్ధం వెతికిన మనిషి. ఆ చెవి అంటే ఆయనకి ఎంత గర్వమో నాకు తెలుసు. రెండు గొంతులూ నిజం చెప్పాయి, ఆయనే వినలేదు. నేనైతే ఏదో ఒకటి అనేసేదాన్ని. పిన్నిగారు చిక్కుళ్ల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లారు.

ఆయన మళ్లీ మొదటి పేజీకి వచ్చి చివరిదాకా చదువుకున్నారు. అయ్యాక పేజీలు సర్దుకుని, లోపలికి వినపడేలా, "ఏమేవ్, ఇవాళ్టి పేపరు ఉందా?" అన్నారు.

"ఉంది."

"చదువుతావా?"

అన్నేళ్లలో "చదువుతావా" అని ఆయన అడగడం నేను వినలేదు. "కానీ" అనడమే విన్నాను. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. పిన్నిగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి వరండాలో కూర్చున్నారు. నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను. వీధి మలుపు దాకా ఆ బొంగురు గొంతు వినబడుతూనే ఉంది. "ఎవరన్నారు?" అని ఆయన అడ్డం పడటం కూడా వినబడింది. మనిషి మారలేదు.

ఆ చార్జీలు బ్యాంకువాళ్లు ఆపేశారు. చుక్కల కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఆయన తీరిగ్గా తలుపు వేసుకుని చదువుకునేవారు. ఏం రాసుందో ఆవిడకి తెలిసేది కాదు, ఆవిడ అడిగేవారూ కాదు.

ఆ మరుసటి సంవత్సరం ఆయన గుండెకి ఆపరేషన్ చేయాలన్నారు. ఆస్పత్రికి నేనూ వెళ్లాను. పొద్దున్నే నర్సు కాగితాలు తెచ్చింది. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. "నేను చదివి చెప్తాను సార్" అంది.

"మా ఆవిడ చదువుతుంది" అన్నారు.

పిన్నిగారు మంచం పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టారు. నేను ఆవిడ వెనకే ఉన్నాను, కాగితం నాకూ కనిపిస్తోంది. ఫలానా ఆపరేషన్, ఫలానా మత్తు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. అన్నీ ఒకే గొంతుతో, మామిడి రేట్లు చదివినట్టు చదివారు. పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది. ఆపరేషన్‌లో గానీ ఆ తర్వాత గానీ ప్రాణానికి ప్రమాదం రావచ్చునని, ఆ సంగతి తమకి వివరించారని. పిన్నిగారి చూపు దాని మీద ఒక్క క్షణం నిలిచింది. దాటేసి కింది వాక్యానికి వెళ్లారు.

అన్నేళ్లలో ఆవిడ వదిలేసిన వాక్యం అదొక్కటే అయ్యుంటుంది.

చదవడం అయిపోయింది. నేను ఒక అడుగు ముందుకేశాను. అమ్మాయ్, నువ్వోసారి చదువు అంటారని నాకు తెలుసు. ఆ వాక్యం దగ్గరికొచ్చాక ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను. ఆయన చెయ్యి గాల్లోకి చాచి, "పెన్ను" అన్నారు.

పిన్నిగారు పెన్ను పెట్టి, వేలు పట్టుకుని సంతకం చోటు చూపించారు. ఆయన పెట్టేశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చి కోలుకున్నాక ఒక ఆదివారం, పిన్నిగారు కొట్టుకి వెళ్లినప్పుడు, "ఆ రోజు నువ్వు వెనకే ఉన్నావు కదూ?" అన్నారు.

"ఉన్నానండీ."

"ఒక వాక్యం వదిలేసింది."

నేను తలెత్తి ఆయన వైపు చూశాను.

"గుటక వేసింది అక్కడ. ఆ తర్వాత కొంచెం వేగంగా చదివింది. చచ్చిపోవచ్చు అని రాసుంటారు, అంతేనా?"

"అంతేనండీ. తెలిసి కూడా ఊరుకున్నారేం? నన్ను చదవమంటారనుకున్నాను."

ఆయన కొంచెంసేపు గడియారం అద్దం ఎత్తుతూ మూస్తూ కూర్చున్నారు. "దానికి భయమేసిందమ్మాయ్. నాకూ వేసింది. ఇద్దరికీ తెలిసిన సంగతి ఆవిడ చేత గట్టిగా చదివించి ఏం చేసుకోను?"

ఆ తర్వాత ఏడాదిన్నర పైగా ఉన్నారు. ఆటోవాళ్లతోనూ, చేపలమ్మేవాళ్లతోనూ అలాగే పేచీ పడ్డారు. పోయిన వేసవిలో మధ్యాహ్నం పడుకుని, మరి లేవలేదు.

పెద్దకర్మ అయ్యాక కొన్నాళ్లకి వెళ్లాను. పిన్నిగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఉన్నట్టుండి నా మొహంలోకి చూశారు.

"ఆ రోజు ఆస్పత్రిలో నేను ఒక మాట వదిలేశాను. నువ్వు చూశావు."

"చూశాను పిన్నిగారూ."

"ఆయనకి తెలియలేదు కదా?"

నా జవాబు కోసం కాదు, నా కళ్లలో ఏముందోనని చూస్తున్నారు. తెలియలేదని అంటే ఆవిడ మనసు కుదుటపడుతుందేమో అని ఒక క్షణం అనిపించింది. కానీ అది ఆయనకి అన్యాయం అనిపించింది.

"తెలుసు పిన్నిగారూ. ఆయనే నాతో చెప్పారు."

"తెలిసే పెట్టారా సంతకం?"

"తెలిసే పెట్టారు."

ఆవిడ వీధిలోకి చూశారు. "ఎప్పుడు అడుగుతారో, ఎప్పుడు నిలదీస్తారో అని అన్నాళ్లూ బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. ఒక్క మాట అనలేదు చూడు నాతో" అన్నారు. గోడకి ఆనుకుని, "దొంగ" అన్నారు.

కళ్లు నిండి కారుతున్నా ఆవిడ తుడుచుకోలేదు. తల తిప్పి, ఆయన పడుకునే లోపలి గదిలోకి వినబడేంత గట్టిగా మళ్లీ అన్నారు.

"దొంగ!"